ఫ్రీ డెలివరీకి ఎనభై రూపాయలు

లింగాలలో ఒక అక్క ఫోనులో చూసిన బిల్లు ఇది. కుర్తీ ధర రూ.399, డెలివరీ చార్జీ రూ.40, మొత్తం రూ.439. డబ్బు కట్టే బటన్ పైన సన్నటి ఆకుపచ్చ గీత ఒకటి ముప్పావు వంతు నిండి ఆగిపోయింది. ఇంకో 101 రూపాయల సరుకు కలిపితే డెలివరీ ఉచితమని దాని పక్కన రాసి ఉంది. ఆ అక్క కాసేపు వెతికి రూ.120 చెవికమ్మలు కలిపింది. గీత నిండింది, తెర మీద రంగుకాగితాల ముక్కలు రాలాయి, బిల్లు రూ.519 అయింది. "నలభై మిగిలినయ్ సూడు" అని సంబరపడింది.

మిగిలింది నలభయ్యే. అందుకోసం చేతి నుంచి అదనంగా పోయింది ఎనభై. కమ్మలు ఎలాగూ కొనాల్సినవే అయితే 120 రూపాయల వస్తువు 80కే దక్కినట్టు, మంచి బేరమే. అక్కర్లేనివైతే నలభై తప్పించుకోవడానికి ఎనభై కట్టినట్టు. తెర మీద మాత్రం ఒక్క అబద్ధం లేదు. ధర నిజం, చార్జీ నిజం, డెలివరీ ఉచితమైన మాటా నిజం. నిజాలనే ఒక వరసలో పేర్చి మన చేత ఎనభై రూపాయలు ఎక్కువ ఖర్చు పెట్టించారు. ఆన్‌లైన్ దుకాణాల ఆఫర్ల విద్య చాలావరకు ఇదే.

ఆ హద్దు 500 దగ్గరే ఎందుకుంది? వచ్చే ఆర్డర్ల సగటు బిల్లు ఎంతో చూసుకుని, దానికి కాస్త పైన గీస్తారు. మరీ పైన గీస్తే జనం ఆశ వదులుకుంటారు, కింద గీస్తే ఎవరూ అదనంగా కొనరు. సగం మందికి ఒక హద్దు, సగం మందికి ఇంకో హద్దు చూపించి, ఏది ఎక్కువ అమ్మిపెట్టిందో దాన్ని ఉంచేస్తారు. ఊళ్లో షావుకారు ముప్పై ఏళ్ల అనుభవంతో పట్టుకునే కిటుకు ఇక్కడ రెండు రోజుల్లో తేలిపోతుంది. ముప్పావు నిండిన గీత కూడా ఊరికే పెట్టింది కాదు. జోసెఫ్ న్యూన్స్, షావియర్ డ్రెజ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో కార్లు కడిగేచోట కొందరికి ఎనిమిది ముద్రలు పడితే ఒక వాష్ ఉచితమనే కార్డులిచ్చారు. మరికొందరికి పది ముద్రల కార్డులిచ్చి, అందులో రెండు ముందే వేసి ఇచ్చారు. ఇద్దరూ తెచ్చుకోవాల్సినవి ఎనిమిదే. కానీ మొదటి రకం కార్డులు పూర్తిచేసినవాళ్లు 19 శాతం, రెండో రకం 34 శాతం. దారిలో ఇప్పటికే కొంత నడిచేశామనిపిస్తే మనిషి మధ్యలో వెనక్కి తిరగడు.

ఆ అక్క ఉండే లింగాల, నల్లమల అంచున, అప్పాపూర్ లాంటి చెంచు పెంటలను (గూడేలను) కూడా కలుపుకొని ఉన్న మండలం. పండగ బట్టలకు అచ్చంపేటకో నాగర్‌కర్నూల్‌కో బస్సెక్కడం ఇక్కడి అలవాటు. 2010లో ఫ్లిప్‌కార్ట్ సరుకు చేతికందాక డబ్బిచ్చే పద్ధతి పెట్టాక, బ్యాంకు కార్డు లేని ఇళ్లకు కూడా ఫోను బజారు తలుపు తెరుచుకుంది. లోపలికి రప్పించే పని మాత్రం ఆఫర్లది.

ఫ్రీగా ఇస్తే ఫినాయిలైనా తాగుతారని మనవాళ్లు ఎకసెక్కంగా అనే మాటను, 2007లో వచ్చిన ఒక పరిశోధన చాక్లెట్లతో తేల్చింది. క్రిస్టినా షాంపానియర్, నీనా మజార్, డాన్ అరీలీ కలిసి రెండు రకాల చాక్లెట్లు అమ్మకానికి పెట్టారు. ఒకటి లిండ్ట్ కంపెనీ వారి ఖరీదైన ట్రఫుల్, ధర 15 సెంట్లు. రెండోది మామూలు హెర్షీ కిస్, ధర 1 సెంటు. మనిషికి ఒకటే. కొన్నవాళ్లలో 73 శాతం ట్రఫుల్‌కే మొగ్గారు. మంచి సరుకు చవగ్గా వస్తోంది కదా, సరైన లెక్కే. తర్వాత రెండిటి ధరా ఒక్కో సెంటు తగ్గించారు. ట్రఫుల్ 14 సెంట్లు, కిస్ ఉచితం. తేడా అప్పుడూ 14 సెంట్లే, ఇప్పుడూ 14 సెంట్లే. కానీ ఈసారి 69 శాతం మంది కిస్ వైపు దూకారు.

అదే బృందం అమెజాన్ గిఫ్టు కార్డులతోనూ ఈ పరీక్ష చేసింది. 10 డాలర్ల కార్డు 1 డాలరుకు, 20 డాలర్ల కార్డు 8 డాలర్లకు ఇస్తామన్నప్పుడు ఎక్కువమంది పెద్ద కార్డు ఎంచుకున్నారు. చిన్న కార్డు ఉచితం, పెద్దది 7 డాలర్లు అనగానే జనం ఉచితం దగ్గరికి చేరారు. పెద్ద కార్డుతో 13 డాలర్ల లాభం, ఉచిత కార్డుతో పదే. మూడు డాలర్లు వదులుకుని మరీ సున్నాను పట్టుకున్నారు.

అరీలీ పేరు ఈమధ్య కొంత మసకబారింది. నిజాయతీ మీద ఆయన, మజార్ మరికొందరితో కలిసి 2012లో రాసిన వ్యాసాన్ని, అందులోని అంకెలు కల్పితమని తేలడంతో 2021లో ఉపసంహరించారు. చాక్లెట్ల వ్యాసం అది కాదు. పైగా దీన్ని నమ్మడానికి ప్రయోగశాల దాకా పోనక్కర్లేదు, బట్టల షాపులో ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న బల్ల దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. అరీలీయే తన పుస్తకంలో చెప్పిన ఇంకో సంగతి ఉంది. అమెజాన్ యూరప్ దేశాల్లో రెండో పుస్తకం కొంటే డెలివరీ ఉచితమని పెడితే అన్నిచోట్లా అమ్మకాలు పెరిగాయి, ఫ్రాన్సులో తప్ప. అక్కడ పొరపాటున చార్జీని సున్నా చేయకుండా ఒక ఫ్రాంకు ఉంచారు. నామమాత్రపు సొమ్ము. దాన్నీ తీసేయగానే ఫ్రాన్సులోనూ అమ్మకాలు లేచాయి.

ఒక్క రూపాయికి, సున్నాకు మధ్య ఇంత అగాధం ఎందుకు? డబ్బు పెట్టి కొన్న ప్రతిదాంట్లోనూ మోసపోతామేమో అన్న భయం కాస్తో కూస్తో ఉంటుంది. వంకాయ పుచ్చుదేమో, చీర రంగు పోతుందేమో. ఉచితం అనగానే ఆ భయం పూర్తిగా తొలగిపోతుంది. నష్టం లేదనిపించాక మనసు తూకం వేయడం మానేస్తుంది. పరిశోధకులు అడిగి చూస్తే, ఉచిత వస్తువు ఇచ్చే సంతోషం దాని విలువను మించి ఉంది. బ్రయన్ నట్సన్ బృందం 2007లోనే, కొనుగోలు చేస్తున్నవాళ్ల మెదళ్లను స్కానర్‌లో చూసింది. నచ్చిన వస్తువు కనబడితే న్యూక్లియస్ అకంబెన్స్ అనే భాగం చురుకైంది. ధర ఎక్కువనిపిస్తే ఇన్సులా అనే భాగం కదిలింది. నొప్పి, రోత కలిగినప్పుడు కూడా పనిచేసేది ఈ ఇన్సులాయే. జేబుకు చిల్లి పడితే మనసు చివుక్కుమనడం ఉత్త మాటకాదన్నమాట.

ఇక కొట్టేసిన ధర. రూ.1,999 అని రాసి దాని మీద గీత, పక్కన రూ.499, కింద 75 శాతం తగ్గింపు. ఆ 1,999కి ఎవరైనా ఎప్పుడైనా కొన్నారా? ప్యాక్ చేసిన సరుకు మీద గరిష్ఠ చిల్లర ధర వేయాలని, అంతకు మించి అమ్మకూడదని మన తూనికలు కొలతల చట్టం చెబుతుంది. ఆ ధర ఎంత వేసుకోవాలో మాత్రం చాలా సరుకుల విషయంలో తయారీదారు ఇష్టానికే వదిలేసింది. వినియోగదారుడిని కాపాడ్డానికి పుట్టిన అంకె ఈ రకంగా ఎర అయింది. 1974లో ఏమస్ ట్వెర్స్కీ, డానియల్ కానెమన్ ఒక చక్రం తిప్పి, ఐక్యరాజ్య సమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో ఊహించమన్నారు. చక్రం 10 దగ్గరో 65 దగ్గరో ఆగేలా ముందే అమర్చారు. 10 చూసినవాళ్ల మధ్యస్థ అంచనా 25, 65 చూసినవాళ్లది 45. సంబంధమే లేని అంకె ఇంత లాగితే, వస్తువు పక్కనే రాసిన అంకె లాగదా?

బేరం కుదిరిందన్న ఆనందం వస్తువు ఇచ్చే సుఖం కన్నా వేరని రిచర్డ్ థేలర్ 1985లోనే రాశారు. ఆయనకు 2017లో నోబెల్ వచ్చింది. దీన్ని పట్టించుకోక దెబ్బతిన్నవి అమెరికాలోని జేసీ పెన్నీ దుకాణాలు. 2012లో కొత్త అధిపతి రాన్ జాన్సన్ కూపన్లు, దొంగ తగ్గింపులు తీసేసి రోజూ ఒకే నిజాయతీ ధర అన్నారు. ఆ ఏడాది అమ్మకాలు పావు వంతు పడిపోయాయి, 2013 ఏప్రిల్‌లో ఆయన ఉద్యోగం పోయింది. జనానికి చవక ధర ఒక్కటే చాలలేదు, తగ్గించారన్న తృప్తి కూడా కావాల్సి వచ్చింది. అన్నట్టు, రూ.499, రూ.999 అనే కొసలు మనకు కొత్త కాదు. చెప్పుల డబ్బా మీది 99.95ను చూసి బాటా రేటు అని నవ్వుకున్న తరం ఇంకా ఉంది. ఎరిక్ ఆండర్సన్, డంకన్ సిమెస్టర్ ఒకే గౌనును క్యాటలాగుల్లో 34, 39, 44 డాలర్లకు పెట్టి చూస్తే, 34 కన్నా 39కే ఎక్కువ అమ్ముడుపోయింది.

అన్ని తగ్గింపులూ బూటకం కావు. మన ఆషాఢం సేల్‌కు గట్టి కారణముంది. ఆ నెలలో పెళ్లిళ్లుండవు, బట్టల కొట్లు బోసిపోతాయి. పెళ్లిళ్ల కాలానికి తెచ్చిన సరుకు మిగిలిపోతుంది, శ్రావణానికి కొత్త సరుకు తేవాలంటే డబ్బు కావాలి. కాబట్టి తగ్గించి ఖాళీ చేస్తారు. ఆన్‌లైన్‌లో ముందే డబ్బు కడితే ఇరవయ్యో ముప్పయ్యో తగ్గించడమూ ఇలాంటిదే. ఇంటికొచ్చాక వద్దంటే, పోనూ రానూ రవాణా ఖర్చు అమ్మకందారు నెత్తిన పడుతుంది. ఆ భయం తగ్గినందుకు కొంత మనకిస్తున్నాడు. కారణం చెప్పగలిగిన తగ్గింపును నేను నమ్ముతాను. ఏడాది పొడుగునా ఉండే 75 శాతం తగ్గింపుకు కారణమేముంటుంది? అదే దాని అసలు ధర.

2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ మొదటి బిగ్ బిలియన్ డే పెట్టింది. పది గంటల్లో 10 కోట్ల డాలర్ల సరుకు అమ్మానంది. సైటు మొరాయించి, సరుకు నిండుకుని, సేల్‌కు ముందు ధరలు పెంచారన్న విమర్శలొచ్చి, మర్నాడు సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ వినియోగదారులకు క్షమాపణ లేఖ రాశారు. అప్పట్నుంచి దసరా ముందు ఈ జాతర ఏటా జరుగుతోంది. కొద్దిసేపే, కొన్నే ఉన్నాయంటే ఎగబడడం మన నైజం. 1975లో స్టీఫెన్ వర్చెల్ బృందం ఒక సీసాలో పది బిస్కెట్లు, ఇంకో సీసాలో రెండే పెట్టి రుచి చూడమంటే, రెండే ఉన్న సీసాలోవి ఎక్కువ విలువైనవన్నారు జనం. రెండిట్లోవీ ఒకే బిస్కెట్లు. సిద్దిపేటలో 2019 ఫిబ్రవరిలో పది రూపాయలకే చీర అన్న ఆఫరుకు ఒక మాల్ దగ్గర జరిగిన తొక్కిసలాట ఇదే బలహీనతకు బజారు రూపం. ఫోనులో తొక్కిసలాట కనబడదు, గడియారం ముల్లు మాత్రం ఎర్రగా పరిగెత్తుతుంటుంది.

స్క్రాచ్ కార్డు సంగతి మరీ తమాషా. గూగుల్ 2017 సెప్టెంబరులో ఇప్పటి గూగుల్ పేను తేజ్ పేరుతో మనదేశంలో తెచ్చినప్పుడు డబ్బు పంపినవాళ్లకు గీకే కార్డులిచ్చింది. ఒకసారి పదకొండు రూపాయలు, ఒకసారి ఉత్తచెయ్యి. ప్రతిసారీ ఐదు రూపాయలు ఇచ్చి ఉంటే నెలలో విసుగొచ్చేది. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి కోసం పావురాలు అలుపు లేకుండా పొడుస్తూనే ఉంటాయని చార్లెస్ ఫెర్స్టర్, బి.ఎఫ్. స్కిన్నర్ 1957లో వెలువరించిన పుస్తకంలో లెక్కలతో చూపించారు. 2019 దీపావళికి ఐదు స్టాంపులు పోగుచేస్తే రూ.251 అన్నప్పుడు, ముగ్గు బొమ్మ స్టాంపు ఒక్కటి దొరక్క ఎంతమంది ఎంతమందికి మెసేజ్‌లు పెట్టారో గుర్తుండే ఉంటుంది. తమిళనాడులో బహుమతి పథకాల మీద 1979 నాటి నిషేధ చట్టం ఉండడంతో అక్కడివాళ్లకు గీకే కార్డులే రాలేదు.

ఇంతకీ ఈ డబ్బు ఎవరిది? కొంత అమ్మకందారుది, కొంత వేదిక నడిపే కంపెనీది, కార్డు ఆఫరైతే చాలాసార్లు బ్యాంకుది. కొత్త కొనుగోలుదారుకు ఇచ్చే మొదటి ఆర్డరు తగ్గింపు అయితే పెట్టుబడే. ఆ మనిషి రాబోయే రెండుమూడేళ్లలో ఎంత కొంటాడో అంచనా కట్టి, అందులో కొంత ముందే ఖర్చుపెడతారు. వడ్డీ లేని వాయిదాల మీద రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరు 17న బ్యాంకులకు గట్టిగానే చెప్పింది. సున్నా వడ్డీ అనేదే లేదు, దాన్ని ప్రాసెసింగ్ ఫీజు రూపంలోనో మరోలానో దాస్తున్నారని. ఇప్పటి నో కాస్ట్ ఈఎమ్ఐలో వడ్డీ అంత మొత్తాన్ని ధరలో తగ్గించి చూపుతారు. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మన లెక్కలోకే వస్తుంది. పత్తి డబ్బు చేతికి రాకముందే దసరా సేల్ వచ్చే ప్రాంతంలో ఈ చిన్న అంకెల మీద కన్నేసి ఉంచడం మంచిది.

కూరగాయల సంతలో కొనడం అయ్యాక "జర కొసరెయ్యరాదే" అంటే గుప్పెడు పచ్చిమిరపకాయలో కల్యామాకు రెబ్బో సంచిలో పడుతుంది. అదీ ఉచితమే, అదీ వ్యాపారమే. కానీ కొసరు బేరం తెగాక వస్తుంది. ఏం కొనాలో, ఎంత కొనాలో అప్పటికే నిర్ణయమైపోయింది. కొసరు మీద ఆశతో ఎవరూ రెండు కిలోల వంకాయలు ఎక్కువ కొనరు. పైగా వేసిన మనిషి వచ్చే వారం అదే చోట కూర్చుంటుంది, పుచ్చు వంకాయ ఇస్తే నిలదీయొచ్చు. ఆన్‌లైన్ కానుక బేరానికి ముందే వచ్చి కూర్చుంటుంది. అది కృతజ్ఞత కాదు, మన నిర్ణయాన్ని తిప్పడానికి పెట్టిన ఖర్చు. రెండిటినీ ఫ్రీ అనే ఒకే గాటన కట్టడం వల్లే ఆ అక్క కమ్మలు కలిపింది.

అమ్మేవైపు నుంచి చూస్తే లెక్క ఇంకా కఠినం. వెయ్యి రూపాయల వస్తువు మీద ఖర్చు 800, లాభం 200 అనుకుందాం. పది శాతం తగ్గిస్తే మిగిలేది వంద. పాత లాభం రావాలంటే అమ్మకం రెట్టింపు కావాలి. ఇరవై శాతం తగ్గిస్తే చేతిలో ఏమీ మిగలదు. అందుకే గద్వాల చీర పేరుతో 80 శాతం తగ్గింపు కనబడితే అది మగ్గం మీది చీర కాదని తేలిగ్గానే చెప్పొచ్చు. నూలు ఒంటికి పట్టు అంచునూ పట్టు కొంగునూ మగ్గం మీదే కుట్టు అంచు పద్ధతిలో పోగు పోగు కలిపే పని అది. కూలీ, పట్టు, జరీ ధరలు కలిపాక అంత తగ్గించడానికి చీరలో చోటే ఉండదు. పక్కన అదే పేరుతో మర మగ్గం నకలు ఆరొందలకు దొరుకుతుంటే అసలు నేతగాడు తగ్గింపు పోటీలో ఎప్పటికీ గెలవలేడు.

చిన్న వ్యాపారులకు తగ్గింపు కన్నా నమూనా మేలు. రుచి తెలియని సరుకును నోటిదాకా చేర్చడానికి ఉచితం బాగా పనిచేస్తుంది. ఒక గ్లాసు ఉచితమని 1887లో మొదలైన కూపన్లతోనే కోకాకోలా అమెరికా అంతటా పాకింది. మన దేశంలో టీ అలవాటూ అలాగే పట్టుకుంది. బోర్డులు పెట్టి, బళ్లు తిప్పి ఊరూరా ఉచితంగా కాచి పోశారు. నల్లమల తేనె అమ్మేవాళ్లు ఇరవై గ్రాముల పొట్లం పంపితే తిన్నవాళ్లకు తేడా తెలుస్తుంది, రెండో సీసాకు పూర్తి ధర ఇస్తారు. అదే తేనెను సగం ధరకు అమ్మితే సగమే దాని ధర అని మనసులో నాటుకుపోతుంది. రైస్ విశ్వవిద్యాలయంలో ఉత్పల్ ధోలకియా 2010లో గ్రూపాన్ అనే వెబ్‌సైటు ద్వారా డిస్కౌంట్లు ఇచ్చిన 150 వ్యాపారాలను అడిగితే, 66 శాతం లాభం అన్నాయి, 32 శాతం నష్టమన్నాయి. ఇంకోసారి ఆ పని చేయబోమన్నవాళ్లు 40 శాతం పైమాటే.

ఈ ఎత్తులేవీ లేకుండా నేరుగా దోచుకునేవాళ్లూ ఉచితం మీది ఆశతోనే బతుకుతున్నారు. పెద్ద దుకాణం పేరుతో పోస్టులో కవరు వస్తుంది, గీకితే కారు తగిలినట్టు ఉంటుంది, పన్ను ముందు కట్టమంటారు. బహుమతికి ముందు మన డబ్బు అడిగారంటే అది బహుమతి కాదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

మామూలు దుకాణాల ఎత్తులకూ ఇప్పుడు నిబంధనలున్నాయి. అందుబాటులో లేని సరుకును ఎరగా చూపడం, డెలివరీలాంటి తప్పనిసరి ఖర్చు తప్ప ఇంకేదైనా కట్టించుకుంటూ ఉచితమని ప్రకటించడం కుదరదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో చెప్పింది. 2023 నవంబరు 30న పదమూడు రకాల మాయ ఎత్తులను పేరుపేరునా నిషేధించింది. లేని తొందర సృష్టించడం, అడగని వస్తువును బుట్టలో వేయడం, వద్దంటే సిగ్గుపడేలా మాటలు రాయడం, ఆఖరి తెరలో కొత్త చార్జీలు బయటపెట్టడం అందులోవే. ఆకుపచ్చ గీత మాత్రం వాటిలో లేదు. 2025 జూన్‌లో ఆ సంస్థే, మూడు నెలల్లోగా ఎవరి వేదికను వాళ్లే తనిఖీ చేసుకోమని కంపెనీలకు సూచించింది. తప్పు చేసేవాడికే తప్పులు వెతికే పని అప్పగిస్తే ఎన్ని బయటపడతాయో మరి. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. డబ్బు కట్టకముందే ఆఫరు తెరను ఫొటో తీసి పెట్టుకోవాలి, ఎందుకంటే మర్నాటికి ఆ తెర అలా ఉండదు.